ఉప్పుగాలి – సైకిలు గొలుసు

మొవ్వ ప్రాంతమున ప్రాతఃకాలమున సైకిలు త్రొక్కుచు, ఈత నభ్యసించు యువతీయువకులకు రెండు మాటలు.

మచిలీపట్నము సమీపించిన కొలది గాలిలో లవణమును తేమయు హెచ్చి, ఆ రెండును కలిసి ఇనుప గొలుసును త్రుప్పు పట్టించును. కావున ఇల్లు చేరిన వెంటనే గొలుసును పొడిగుడ్డతో తుడిచి, ప్రతి కీలునకు ఒక్కొక్క చుక్క నూనె వేసి, మిగిలినదానిని తుడిచివేయవలెను; ఏలయన అధికమైన నూనెకు ధూళి అంటుకొని పళ్ళచక్రములను అరగదీయును.

ఈత కళ్ళద్దములు లోపల మసకబారినప్పుడు వ్రేలితో రుద్దరాదు. మసకను నివారించు పలుచని పూత చెడిపోవును. మంచినీట కడిగి నీడన ఆరవేయవలెను. ఎండ రబ్బరు పట్టీని పెళుసు చేయును.

మరల చెప్పుచున్నాను: గొలుసునకు తేమ తగులరాదు, కళ్ళద్దములు నీడన నుండవలెను. రేపు బయలుదేరుటకు ముందు బ్రేకులను, టైర్ల గాలిని తప్పక పరీక్షించుకొనుడు.