బొమ్మల కొలువులో పురాతన జంతువులు

పిల్లలు కూడబెట్టుకొనే బొమ్మలలో నేడు డైనోసారులది పెద్దపీట. కొండపల్లి ఏనుగు అంబారీ పక్కన, ఏటికొప్పాక లక్కబొమ్మ పక్కన ప్లాస్టికు బల్లులు కోరలు తెరచి నిలిచినవి. ఇవి వట్టి ఆటవస్తువులని పెద్దలు కొని ఇచ్చి ఊరకుందురు. కాని వీని వెనుక ఒక శాస్త్రము ఉన్నది. ఆ శాస్త్రమునకు మన కర్నూలు, కడప సీమలతో దగ్గరి చుట్టరికము కూడ ఉన్నది.

ఈ బొమ్మలకు మూలపురుషుడు ఆంగ్ల శిల్పి వాటర్‌హౌస్ హాకిన్స్. లండనులోని క్రిస్టల్ పాలెస్ తోటలో 1854 నాటికి ఆయన పురాతన జంతువుల నిలువెత్తు విగ్రహాలను నిలబెట్టినాడు. అందులో ఇగ్వానొడాన్ అను జంతువునకు ముక్కు మీద కొమ్ము పెట్టినాడు. 1878లో బెల్జియం దేశపు బొగ్గుగనిలో నిండు అస్థిపంజరాలు దొరికిన మీదట, అది కొమ్ము కాదు, బొటనవ్రేలి ముల్లు అని తేలినది. బొమ్మ ఏనాడు తయారైనదో ఆనాటి జ్ఞానమే దానిలో కనబడును. అందుచేతనే బొమ్మలు సేకరించువారు పాతవానిని కూడ పారవేయక దాచుకొందురు.

అంగడిలో ఒకే సంచిలో వచ్చు బొమ్మలు ఒకే కాలమునాటి జంతువులవి కావు. వీపున తెరచాపవంటి రెక్క గల డైమెట్రొడాన్ అసలు డైనోసారు కాదు. డైనోసారులు పుట్టకమునుపే అంతరించినది. స్టెగొసారస్‌కు, టిరానొసారస్‌కు మధ్య సుమారు ఎనిమిది కోట్ల ఏండ్ల ఎడము. వీనిని సరిగా అమర్చుటకు మన ఇంటి ఆచారమే మంచి ఉపాయము. బొమ్మల కొలువు మెట్లు కట్టినట్లు కట్టి, భూమి పొరలలో వలెనే పాతవానిని అడుగు మెట్టున, కొత్తవానిని పై మెట్టున నిలుపవలెను.

ఆ మెట్ల క్రింది నేలను మొదట చూడుడు. మన ఇండ్లలో పరచిన నాపబండ డైనోసారుల కాలముకంటె ఎంతో ముందటిది. కడప జిల్లా వేంపల్లె ప్రాంతపు రాళ్లలో కనిపించు పొరల గుర్తులు 180 కోట్ల ఏండ్లకు పైబడిన సూక్ష్మజీవులు కట్టిన కట్టడాలు. ఇంత పాత రాళ్లలో డైనోసారు ఎముక దొరకదు. దానికొరకు గోదావరి లోయకు పోవలెను. అక్కడ యామనపల్లి దగ్గర దొరికిన పొడుగుమెడ శాకాహారికి 1988లో కోటసారస్ అని పేరు పెట్టినారు. దాని అస్థిపంజరము హైదరాబాదు బిర్లా సైన్సు మ్యూజియములో ఉన్నది. పిల్లలకు తప్పక చూపదగినది.

ఇక పై మెట్టు మనది. బేతంచెర్ల సమీపమున బిల్లసర్గం గుహలు కలవు. 1844లో కాప్టెను న్యూబోల్డు అక్కడి ఎముకలనుగూర్చి వ్రాసినాడు. నలుబది ఏండ్ల తరువాత, హక్స్‌లీ పండితుని సూచనపై మద్రాసు గవర్నరు గ్రాంట్ డఫ్ పూనుకొనగా, రాబర్ట్ బ్రూస్ ఫూట్, ఆయన కుమారుడు కలిసి ఆ గుహలను త్రవ్వించినారు. దొరికిన ఎముకలను లిడెక్కర్ పరీక్షించి 1886లో వివరించినాడు. వానిలో ఖడ్గమృగము ఉన్నది, గాడిద జాతి జంతువు ఉన్నది, నేడు ఆఫ్రికాలో మాత్రమే మిగిలిన మచ్చల దుమ్ములగొండి ఉన్నది. ఆ ఖడ్గమృగమునకు లిడెక్కర్ కర్నూలు పేరే పెట్టినాడు. కర్నూలు ఖడ్గమృగపు బొమ్మ ఏ అంగడిలోను దొరకదు. బంకమట్టితో మన పిల్లలే చేయవలెను.

ఆ గుహల పొరలను తిరిగి శోధించినవారు 2014లో ఒక విశేషము ప్రకటించినారు. అక్కడి పెద్ద జంతువులలో హెచ్చుపాలు జాతులు రెండు లక్షల ఏండ్ల కరవులను, వాతావరణపు మార్పులను తట్టుకొని మన ఉపఖండములో నిలిచినవట. అంతటి దీర్ఘకాలము నిలిచినవానికి నేడు నిలువ నీడ తగ్గుచున్నది.

చివరి మెట్టున ఒక చిన్న పక్షిని నిలుపుడు. పక్షులు డైనోసారుల సంతతియేనని శాస్త్రజ్ఞుల నిర్ణయము. ఆ సంతతిలో కడప సీమ ప్రత్యేకత కలివికోడి. 1848లో జెర్డన్ లోకమునకు తెలిపిన ఈ పక్షి 1900 తరువాత కనబడక, అంతరించినదనిపించుకొని, 1986లో కడప జిల్లా పొదలలో మరల దొరికినది. దానికి కావలసినది దట్టమైన అడవి కాదు; నడుమనడుమ బయలు గల ముళ్లపొదల నేల. మనము పనికిరాని బీడు అని కొట్టివేయునది దానికి ఇల్లు. నేటికిని అది మిక్కిలి ప్రమాదములోనే ఉన్నది.

కొలువు ముగిసినప్పుడు బొమ్మలను పెట్టెలో దాచి మరుసటి ఏడు తీయుదుము. ఈ మాట పిల్లలతో అనుచు, కలివికోడి విషయములో అది కుదరదని కూడ చెప్పుడు. గుహలు చూడబోయినప్పుడు ఎముక ముక్కనైనను పెకలించి తేవద్దని, ఊరిబయటి పొదలను ఊరక నరకవద్దని అప్పుడే చెప్పుడు. బొమ్మ చేతిలో ఉండగా చెప్పిన మాట పిల్లలకు బాగుగా నాటును.