అడవి ఆర్కిడ్ల బేరం
(సేలంలో ఉగాది ఉత్సవ సభలో చేసిన ప్రసంగం)



ఈ రోజున మనమందరము వేపపువ్వుకోసం వెదకినవారమే. ఎంత పువ్వు దులుపుకున్నా వేపచెట్టుకు వచ్చిన నష్టమేమీ లేదు. ఇంచుమించు ఈ రోజుల్లోనే అస్సామువారికీ కొత్త సంవత్సరం వస్తుంది. అప్పుడు అక్కడి ఆడపడుచులు కపౌ అనే పువ్వును కొప్పులో తురుముకొని నాట్యమాడుతారు. నక్కతోకవలె జారే గులాబిరంగు గుత్తి అది, ఒక ఆర్కిడ్. శాస్త్రజ్ఞులు దానికి రింకోస్టైలిస్ రెటూసా అని పేరు పెట్టినారు. మన తూర్పుకనుమల చెట్లమీద కూడా అది పూస్తుంది. గుత్తి కోసుకుంటే మొక్క మిగులుతుంది, మరుసటి ఏడు మళ్లీ పూస్తుంది. నేను చెప్పబోయేది గుత్తితో తృప్తిపడనివారి సంగతి.

చెట్టుమీద మరొక మొక్క మొలిస్తే మనవారు దానిని బదనిక అంటారు. సంస్కృతంలో వందా. సర్ విలియం జోన్సు ఆ మాటనే ఒక ఆర్కిడ్‌కు వాడి వ్రాసిన వర్ణన 1795లో అచ్చయినది. నేడు లోకమంతా వాండా అని పిలిచే పేరు అదే. అయితే అసలు బదనిక చెట్టులోనికి వేళ్లు దించి రసం పీలుస్తుంది. ఆర్కిడ్ అట్లా చేయదు. కొమ్మమీద చోటు మాత్రమే తీసుకొని, వానకూ గాలికీ వేళ్లు చాచి తన తిండి తాను సంపాదించుకుంటుంది. తరతరాలుగా ఈ తమిళదేశంలో కాపురమున్న మనకు దానిమీద కాస్త అభిమానముండడం సహజమే!

దీని విత్తనం దుమ్మువంటిది. ఒక్క కాయలో వేలు, కొన్ని జాతుల్లో లక్షలు ఉంటవి. కాని లోపల మొలకకు ఆహారం లేదు. తగిన బూజు వచ్చి చేరితేనే మొలుస్తుంది. 1899లో ఫ్రాన్సులో నోయెల్ బెర్నార్ ఈ రహస్యం కనిపెట్టినాడు. మొలిచిన తరువాత పూతకు రావడానికి చాలా జాతులకు ఐదారేళ్లు, ఒక్కొక్కదానికి అంతకు మించి పడుతుంది. పెరకడానికి మాత్రం ఒక్క నిమిషం చాలును.

పందొమ్మిదో శతాబ్దంలో ఇంగ్లండు ధనవంతులకు ఆర్కిడ్ పిచ్చి పట్టింది. మొలిపించడం తెలియనికాలం గనుక అడవే వారికి నారుమడి అయింది. జోసెఫ్ హూకరు 1850లో మన ఖాసీకొండలకు వచ్చినాడు. ఆయన గొప్ప శాస్త్రజ్ఞుడు, సందేహం లేదు. నీలి వాండాను క్యూ తోటకోసం ఏడుగురు మనుషులు మోసేటంత తీయించినాడు. ఇంగ్లండుకు ప్రాణంతో చేరినవి కొద్ది. ఆయన వెంట తోటమాలిని పంపిన మరొక దొర ఒక మనిషి మోత పంపగా, అది దురవస్థలో చేరి కూడా 300 పౌన్లకు అమ్ముడుపోయినది. ఈ లెక్కలన్నీ హూకరే తన గ్రంథంలో వ్రాసినాడు. ఏరేవారు పారవేసిన కొమ్మలూ ఆర్కిడ్లూ మైళ్లకొద్దీ దారిలో కుళ్లుతున్నవని నొచ్చుకున్నవాడు కూడా ఆయనే.

కొలంబియాలో ఆల్బర్టు మిలికన్ చేసినపని ఇంకా ఘోరం. చెట్టెక్కి తీయడం ఆలస్యమని చెట్లనే కొట్టించినాడు. పదివేల మొక్కలకు సుమారు నాలుగువేల చెట్లు! 1891లో వచ్చిన తన పుస్తకంలో ఈ సంగతిని దాచకుండానే చెప్పినాడు. దాచవలసిన పనియని ఆ కాలంలో ఎవరికీ తోచలేదు.

1922లో అమెరికాలో లూయిస్ నడ్సన్ బూజుతో పనిలేకుండా, సీసాలో అగరు, చక్కెర, లవణాలు కలిపి విత్తనాలు మొలిపించినాడు. 1960లో మొరెల్ చిగురు ముక్కనుంచి వేలకొలది మొక్కలు తీసే మార్గం చూపినాడు. నేడు పెండ్లిమంటపాల్లో మీరు చూసే ఊదారంగు పూలు తోటలో పెంచినవే. వాటితో అడవికి పేచీ లేదు. ఇంత చవకగా దొరుకుతుండగా అడవిమొక్కకు గిరాకీ పోవలె గదా? పోలేదు. సంగ్రహించేవానికి కావలసింది పువ్వు ఒక్కటే కాదు, పక్కవానివద్ద లేనిది కావలె. కొత్తజాతి దొరికిందని పత్రికలో పడడమే ఆలస్యం, బేరగాళ్లు ఆ కొండ వెదుకుతూ పోతారు. వియత్నాంలో ఒక చెప్పు ఆర్కిడ్‌ను 1999లో లోకానికి ఎరుకపరచినారు. కొన్ని యేండ్లకే అది అడవిలో కనబడకుండా పోయింది.

2002లో పెరూదేశంలో బాటపక్క అంగడిలో ఒక అమెరికా దేశస్థుడు వింతమొక్క కొన్నాడు. పువ్వు పెద్దది, చిక్కని ఊదా. అనుమతిపత్రం లేకుండా దానిని ఫ్లోరిడాకు తెచ్చి ఒక వృక్షోద్యానంవారికి చూపగా, వారు ఆత్రంగా కొత్తజాతియని ప్రకటించి ఆయన పేరే పెట్టినారు: ఫ్రాగ్మిపెడియం కొవాచీ. వ్యవహారం కోర్టుకెక్కి ఆయనకూ తోటవారికీ శిక్ష పడింది. జైలు లేదు, కొద్ది జరిమానా, సత్ప్రవర్తనపై నిఘా. ఈలోపల ఆ మొక్క పెరిగేచోట్లను ఏరేవారు ఊడ్చివేసినారు. శిక్ష పడినవాని పేరు మాత్రం శాస్త్రంలో శాశ్వతంగా నిలిచింది. నామకరణ నియమాల ప్రకారం అది తప్పదట!

అంతర్జాతీయ ఒప్పందం 1973లో కుదిరి 1975లో అమలయినది. మనదేశం 1976లో చేరినది. ఆర్కిడ్లన్నీ దానికిందికి వస్తవి. ఆసియా చెప్పు ఆర్కిడ్లలో అడవిలో తీసినవాటి విదేశవ్యాపారం పూర్తిగా నిషిద్ధం. నీలి వాండాకు ఈ కఠిన నిషేధాన్ని 2005లో సడలించినారు. తోటల్లో విరివిగా పెంచడం దీనికొక కారణం. మన వన్యప్రాణి సంరక్షణ చట్టంలో 1991 సవరణతో నీలి వాండా, ఎర్ర వాండా, చెప్పు ఆర్కిడ్లు చేరినవి.

దక్షిణదేశంలో అడవిన పెరిగే చెప్పు ఆర్కిడ్ ఒక్కటే. అగస్త్యమలలో, పసుపుపచ్చని రేకులపై ముదురుగీతతో పూస్తుంది. 1865లో కర్నల్ డ్రూరీ కనుగొన్నాడు గనుక డ్రూరీ అనే పేరు. చాలాకాలం కంటబడక 1972లో మళ్లీ దొరికింది. దొరకడమే దానికి చేటయినది. ఏరివేతకు కార్చిచ్చులు తోడై నేడు అత్యంత ప్రమాదస్థితిలో ఉన్నది.

సంగ్రహకులు ఒక మాట అంటారు: “అడవులు కొట్టివేస్తున్నారు, ఆనకట్టలకింద ముంచుతున్నారు. అక్కడ చచ్చే మొక్కను తీసి బతికిస్తే మమ్మల్ని దొంగలంటారా?” ఇందులో నిజం లేకపోలేదు. మునగబోయే లోయలోని మొక్కను కూడా అనుమతికోసం కాచి చావనిచ్చే చట్టం సవరించదగినదే. అయితే కొట్టివేసిన అడవిలో సామాన్యజాతులు గంపలకొద్దీ పడిఉంటవి. వాటికోసం సంద్రం దాటి వచ్చేవాడు లేడు. రక్షణ పేరు చెప్పేవారికి ఎప్పుడూ అరుదైనదే ఎందుకు కావలెనో వారే చెప్పవలె.

మన ఇండ్లలోనికి వచ్చే దారి ఒకటి ఉన్నది. బలానికని మూలికల అంగళ్లలో సాలాబ్ మిశ్రీ కొంటాము. అది నేల ఆర్కిడ్ దుంప. దుంప తవ్వితే మొక్క లేదు. కిలో పొడికి వెయ్యికి పైగా దుంపలు కావలె. టర్కీలో దీనితోనే పానీయమూ, మంచుమిఠాయీ చేస్తారు. అడవిదుంపల ఎగుమతిని అక్కడ నిషేధించినారు. చ్యవనప్రాశలో వేసే అష్టవర్గంలో కూడా జీవకం, ఋషభకం, ఋద్ధి, వృద్ధి అనే నాలుగూ హిమాలయపు ఆర్కిడ్లేనని నేటివారి నిర్ణయం. వైద్యం మానుమని నేననను. దుంప పొలంలో పండించినదా, కొండలో తవ్వినదా అని అంగడివానిని అడగడానికి డబ్బు ఖర్చు కాదు.

మనకు ఏర్కాడు దగ్గరే. అక్కడ వృక్షశాస్త్ర సర్వేక్షణవారి ఆర్కిడ్ తోట ఉన్నది, చూసిరండి. ఏ కొండదారిలోనైనా ఎవరైనా ఆర్కిడ్ అమ్మజూపితే వేళ్లు చూడండి. పెంచిన మొక్కకు వేళ్లు కుండీలోని బొగ్గునూ కొబ్బరిపీచునూ చుట్టుకొని ఉంటవి. ఆకులు శుభ్రంగా ఉండి, మొక్కలన్నీ ఒకే ఈడువి. అడవిదానికి వేళ్లు తెగి, బెరడుముక్కలు అంటుకొని ఉంటవి. ఆకులకు పురుగుకాట్లు, ఎండమచ్చలు. అమ్మే పిల్లవానిని కోప్పడి లాభం లేదు, వానికి దక్కేది కొద్ది రూపాయలే. కుండీలో పెంచినదే కావలెనని చెప్పి ముందుకు సాగండి. సీసాలో పెరిగిన నారు అమ్మే తోటలు బెంగుళూరులోనూ, కేరళలోనూ ఉన్నవి. పూయడానికి రెండుమూడేళ్లు కాచుకోవలె, అంతే.