క్రాక్స్ చెప్పులకూ కన్నీళ్ళకూ మధ్య

పట్టాలు అందుకోబోతున్న మీకు, మీకంటే ఎక్కువ హుషారుగా వెనక వరసల్లో కూర్చున్న మీ అమ్మానాన్నలకు శుభాకాంక్షలు. తెలుగులో మాట్లాడమని నిర్వాహకులు అడిగినప్పుడు కాస్త తటపటాయించాను. ఈ హాల్లో బెంగాలీ ఇళ్ళవాళ్ళున్నారు, తమిళులున్నారు, నికోబారీ పిల్లలున్నారు. అయితే ఈ అండమాన్‌లో, జంగ్లీఘాట్‌లో పెరిగిన తెలుగు పిల్లలకు వాళ్ళ భాషలు ఎంతోకొంత వచ్చినట్టే, వాళ్ళకూ మన భాష ఎంతోకొంత చెవిన పడే ఉంటుందన్న ధైర్యంతో ఒప్పుకున్నాను. అర్థం కానిచోట పక్కవాళ్ళు హిందీలో చెప్పేయండి. అది ఇక్కడ మీకు అలవాటైన పనే.

స్నాతకోత్సవానికి వచ్చినవాళ్ళు పెద్ద కలలు కనమని చెప్పిపోతుంటారు. ఇరవయ్యేళ్ళవాళ్ళకు ఆ పని ఇంకొకరు నేర్పక్కర్లేదు. నేను ఒక బాస్కెట్‌బాల్ ఆటగాడి సంగతి చెప్పి, అక్కణ్ణుంచి మీ దీవుల్లోకి వస్తాను.

అతని పేరు ఖమాన్ మలువాచ్. 2006లో రుంబెక్‌లో పుట్టాడు. ఆ ఊరు ఇప్పుడు దక్షిణ సూడాన్‌లో ఉంది. అతను పుట్టేనాటికి ఆ పేరుతో దేశమే లేదు, 2011 జూలై 9న ఏర్పడింది. పసివాడిగా ఉండగానే ఇంటిల్లిపాదీ ఉగాండాకు తరలిపోయారు. కంపాలాలోని కవెంపెలో పెరిగాడు. పదమూడేళ్ళ దాకా బాస్కెట్‌బాల్ చేత్తో పట్టిన పాపాన పోలేదు. అక్కడ బోడాబోడా అంటారు, అద్దెకు తిప్పే మోటార్ సైకిళ్ళు. రోడ్డు మీద నడిచి వెళ్తున్న ఈ పొడుగు కుర్రాణ్ణి చూసి అలాంటి బండి మీది మనిషి ఒకాయన ఆగి, నువ్వు బాస్కెట్‌బాల్ ఆడాలన్నాడట. మొదట కోర్టులో దిగినప్పుడు కాళ్ళకున్నవి క్రాక్స్ చెప్పులు. 2025 జూన్‌లో, అమెరికా ఎన్‌బీఏ లీగ్ జట్లు కొత్త ఆటగాళ్ళను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో అదే కుర్రాడు, ఏడడుగుల రెండంగుళాల మనిషి, పదో స్థానంలో ఎంపికై ఫీనిక్స్ సన్స్ జట్టులో చేరాడు. పేరు పిలవగానే కెమెరాల ముందే ఏడ్చేశాడు. ఆ వీడియో మీలో చాలామంది ఫోన్లలో చూసే ఉంటారు.

ఇలా చెబితే రెండు నిమిషాల్లో అయిపోయింది. శరణార్థి బిడ్డ, చెప్పులు, కన్నీళ్ళు. నాకు పేచీ ఉన్నది ఈ చెప్పే తీరుతోనే. ఆ చెప్పులకూ కన్నీళ్ళకూ మధ్య ఆరేళ్ళున్నాయి. మేం పత్రికలవాళ్ళం ఆ ఆరేళ్ళనూ 'కఠోర శ్రమతో' అన్న ఒక్క మాటలో దాటేస్తాం. డెస్కులో కూర్చుని ఆ మాట నేనూ ఎన్నోసార్లు రాశాను. అందులో సమాచారం ఏమీ ఉండదు.

ఆ ఆరేళ్ళలో జరిగింది ఇదీ. సెనెగల్‌లో సాలీ అని సముద్రపు ఒడ్డున ఒక ఊరుంది. ఎన్‌బీఏవాళ్ళు అక్కడ ఆఫ్రికా పిల్లల కోసం అకాడమీ పెట్టారు. పద్నాలుగేళ్ళకు ఇల్లు వదిలి, ఖండానికి ఈ చివర నుంచి ఆ చివరకు, ఫ్రెంచి మాట్లాడే దేశానికి వెళ్ళాడు. 2021లో బాస్కెట్‌బాల్ ఆఫ్రికా లీగ్ మొదలైంది, తొలి పోటీలు రువాండా రాజధాని కిగాలీలో జరిగాయి. ఆ లీగ్‌లో మరుసటి ఏడాది ఒక ఏర్పాటు చేశారు: ఆడే ప్రతి క్లబ్బూ అకాడమీ నుంచి ఒక కుర్రాణ్ణి తీసుకోవాలి. చిన్న నిబంధనే. కానీ దానివల్ల పదిహేనేళ్ళ పిల్లవాడు ముప్పైయేళ్ళ మగాళ్ళ మోచేతి పోట్లు తింటూ ఆట నేర్చుకునే వీలు కలిగింది. మలువాచ్ అలా మూడు సీజన్లలో మూడు దేశాల క్లబ్బులకు ఆడాడు, దక్షిణ సూడాన్, సెనెగల్, ఉగాండా. పదహారేళ్ళకు మనీలాలో ప్రపంచ కప్, పదిహేడేళ్ళకు పారిస్ ఒలింపిక్స్. తరువాత ఒక ఏడాది అమెరికాలో డ్యూక్ యూనివర్సిటీ.

దక్షిణ సూడాన్ ఒలింపిక్ జట్టు గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేను. ఆ దేశంలో అప్పటికి ఇండోర్ కోర్టు ఒక్కటీ లేదు. ఎన్‌బీఏలో ఆడి రిటైరైన లువోల్ డెంగ్, ఆయనా చిన్నప్పుడు ఇల్లు విడిచి పారిపోయినవాడే, బాస్కెట్‌బాల్ సమాఖ్య అధ్యక్షుడై సొంత డబ్బు పెట్టి జట్టును నడిపాడు. 2024 జూలైలో లండన్‌లో సన్నాహక మ్యాచ్‌లో అమెరికా వాళ్ళ మీద గెలిచినంత పనిచేసి 101-100 స్కోరుతో ఓడిపోయారు. పారిస్‌లో మొదటి మ్యాచ్‌కు ముందు నిర్వాహకులు పొరపాటున సూడాన్ జాతీయ గీతం వేశారు. ఏ దేశం నుంచి విడిపోవడానికి ఏళ్ళ తరబడి పోరాడారో ఆ దేశం గీతం! ఆటగాళ్ళు కదలకుండా నిలబడ్డారు. సరైన గీతం వేశాక ఆట మొదలైంది, ప్యూర్టోరికో మీద 90-79తో గెలిచారు.

ఇక మీ దీవుల్లోకి వస్తాను.

ట్రాక్ సైక్లిస్ట్ డెబొరా హెరాల్డ్ పేరు మీకు కొత్త కాదు. ఆమె మీద వచ్చిన వ్యాసాలు తీసి చూడండి. తొమ్మిదేళ్ళప్పుడు, 2004 డిసెంబర్ 26న సునామీ వచ్చినప్పుడు, ఆమె చెట్టెక్కి రోజుల తరబడి దాని మీదే ఉండి బతికి బయటపడింది. ప్రతి వ్యాసమూ ఆ చెట్టుతోనే మొదలవుతుంది. సగం వ్యాసం అయ్యేదాకా ఆ చెట్టు దిగరు. 2015 చివరికి ఆమె 500 మీటర్ల టైమ్ ట్రయల్‌లో ప్రపంచ ర్యాంకింగుల్లో నాలుగో స్థానంలో ఉందన్న సంగతి చివరి పేరాలో వస్తుంది. 500 మీటర్లంటే ట్రాక్ మీద రెండు చుట్లు, నిలబడ్డ చోటు నుంచి మొదలుపెట్టి అర నిమిషం దాటి మరికొన్ని సెకన్లు. మన దేశంలో అంతకు ముందు ఎవరూ చేరని చోటుకు ఆమె చేరింది. అది ఎలా చేసిందమ్మా అని అడిగినవాళ్ళు తక్కువ, చెట్టు మీద ఏం తిన్నావమ్మా అని అడిగినవాళ్ళు ఎక్కువ.

మీకూ ఇదే జరగబోతోంది. చెన్నైలోనో హైదరాబాద్‌లోనో ఇంటర్వ్యూకి వెళ్తారు. ఊరి పేరు చూడగానే, అండమానా, సునామీ అప్పుడు మీరెక్కడున్నారు అంటారు. మీలో చాలామంది అప్పటికి ఒళ్ళో బిడ్డలు, కొందరు పుట్టనే లేదు. తరువాత సెల్యులార్ జైలు గురించి అడుగుతారు, హేవ్‌లాక్‌లో హోటళ్ళు ఎంత అని అడుగుతారు. మర్యాదగా జవాబు చెప్పి, మీరు చదివిన చదువు దగ్గరకు మాట మళ్ళించడం ఇప్పుడే నేర్చుకోండి. వాళ్ళంతట వాళ్ళు అడగరు.

ఈసో ఆల్బెన్ దగ్గరకు వద్దాం. నికోబార్ కుర్రాడు, అతనూ సైక్లిస్టే. 2018 ఆగస్టులో స్విట్జర్లాండ్‌లోని ఏగ్ల్‌లో జూనియర్ ప్రపంచ చాంపియన్‌షిప్, కెయిరిన్ ఫైనల్. ఈ పోటీ జపాన్‌లో 1948లో పుట్టింది. ముందు ఒక మోటార్ బండి నడుస్తుంది. దాని వెనక సైకిళ్ళు వరసగా, ఎవరూ దాన్ని దాటకూడదు. బండి గంటకు 30 కిలోమీటర్లతో మొదలై మెల్లగా 50కి చేరుతుంది. మూడు చుట్లు మిగిలి ఉండగా పక్కకు తప్పుకుంటుంది. అక్కణ్ణుంచి ఎవరి సత్తా వాళ్ళది. ఆ సైకిలుకు బ్రేకులుండవు, ఫ్రీవీల్ ఉండదు. చక్రం తిరిగినంతసేపూ పెడలూ తిరగాల్సిందే, కాలు ఆపడానికి వీల్లేదు. వంపుల దగ్గర ట్రాక్ గోడలా లేచి ఉంటుంది, వేగం తగ్గితే జారి కిందికి వస్తారు. భుజాలు రాసుకుంటూ వెళ్తున్న ఆ గుంపులో ఎప్పుడు బయటికి రావాలి, ఎవరి వెనక దాక్కోవాలి అన్నది రెప్పపాటులో తేల్చుకోవాలి.

ఆ ఫైనల్‌లో ఈసో రెండోవాడిగా వచ్చాడు. చెక్ కుర్రాడు యాకుబ్ స్టాస్ట్నీ కంటే 0.017 సెకను వెనక. గంటకు 65 కిలోమీటర్ల వేగం అనుకుని లెక్క వేసి చూశాను, ఆ తేడా ముప్పై సెంటీమీటర్లు, బడి పిల్లల సంచిలో ఉండే స్కేలంత. సైక్లింగ్‌లో ప్రపంచ చాంపియన్‌షిప్ స్థాయిలో భారతదేశానికి వచ్చిన మొదటి పతకం అది. మరుసటి ఏడాది జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో టీమ్ స్ప్రింట్‌లో స్వర్ణమే వచ్చింది. మన విమానాలు దిగే ఫ్రాంక్‌ఫర్ట్ కాదు, పోలండ్ సరిహద్దులో ఓడర్ నది ఒడ్డున అదే పేరుతో ఇంకొకటుంది. ఈసోతో పాటు మణిపూర్ కుర్రాళ్ళు రొనాల్డో సింగ్, రోజిత్ సింగ్. టీమ్ స్ప్రింట్‌లో ముగ్గురు, మూడు చుట్లు. మొదటివాడు గాలినంతా తన ఛాతీ మీద కాసి ఒక చుట్టు లాగి తప్పుకుంటాడు. రెండోవాడు రెండో చుట్టు లాగి తప్పుకుంటాడు. గీత దాటేది మూడోవాడు ఒక్కడే, టీవీలో కనిపించేదీ అతనే. కానీ రాసుకునే టైము ముగ్గురిదీ.

పేర్ల సంగతి సరదాగా ఉంటుంది. మన సైక్లింగ్ జట్టులో ఒక రొనాల్డో ఉన్నాడు, కార్ నికోబార్ నుంచి వచ్చిన ఒక డేవిడ్ బెక్‌హామ్ కూడా ఉన్నాడు. ఫుట్‌బాల్ పిచ్చి ఉన్న ఊళ్ళలో పుట్టి, ఫుట్‌బాల్ వీరుల పేర్లు పెట్టించుకుని, ఇద్దరూ సైకిలెక్కారు. నామకరణం రోజున తండ్రులు వేసుకున్న లెక్కలు పిల్లలు తప్పిస్తూనే ఉంటారు. వెనక వరసలవాళ్ళు నన్ను క్షమించాలి.

వీళ్ళకు ఆ మధ్యలోని ఏళ్ళు ఎక్కడ గడిచాయి? ఢిల్లీలో ఇందిరాగాంధీ స్టేడియం దగ్గర 2010 కామన్‌వెల్త్ క్రీడలకు కట్టిన చెక్క ట్రాక్ మీద. 250 మీటర్లు, పైన కప్పు. ఉప్పుగాలిలో పెరిగినవాళ్ళు ఢిల్లీ జనవరి చలికి అలవాటుపడాలి, హాస్టల్ చపాతీలకు అలవాటుపడాలి. ఉన్నచోటే గుండ్రంగా తిరగడం, స్టార్టింగ్ గేటు నుంచి లేచే ఆ ఒక్క కదలికను వందలసార్లు చేయడం, మధ్యాహ్నం పడుకుని సాయంత్రం మళ్ళీ మొదలుపెట్టడం. సినిమా తీస్తే ఇదంతా ఒక పాటలో చూపించేస్తారు.

మీలో సిక్కోలు నుంచి వచ్చిన కుటుంబాలవాళ్ళు చాలామందే ఉన్నారు కాబట్టి మన ఊసవానిపేట మాట కూడా చెబుతాను. ఆ ఊరి కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది, ఒలింపిక్స్‌లో పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ. దానికి చాలా ముందు ఊళ్ళో నీలంశెట్టి అప్పన్న అనే కోచ్ ఉన్నాడు, ఆడపిల్లలకు బరువులెత్తడం నేర్పించినవాడు. 1990లో అక్కకు బెంగళూరు శిబిరంలో చోటు దొరికితే మల్లీశ్వరి వెంట వెళ్ళింది. ఆమె తన కోసం వెళ్ళలేదు. అక్కడ ఒక విదేశీ కోచ్, లియోనిడ్ తారానెంకో, పక్కన నిలబడి చూస్తున్న చెల్లెల్ని కూడా ఎత్తి చూపించమన్నాడు.

బోడాబోడా మీది మనిషి, తారానెంకో, అప్పన్న. ఈ ముగ్గురిలో ఒక్కరికే ఊరూపేరూ లేదు, మొదటాయనకు. ఆయన పాతిక సెకన్లు బండి ఆపి ఉంటాడేమో. అయితే ఆ మాట విన్న తరువాత వెళ్ళడానికి ఒక కోర్టు, ఒక కోచ్, సాలీలో ఒక మంచం, క్లబ్బు జట్టులో ఒక చోటు ఇచ్చే నిబంధన ఉన్నాయి కనక ఆ మాట ఫలించింది. అవి లేకపోతే ఆ పిల్లవాడు కవెంపెలో పొడుగ్గా ఉండిపోయేవాడు.

మీలో కొందరు టీచర్లవుతారు. కచాల్‌లోనో, క్యాంప్‌బెల్ బేలోనో, డిగ్లీపూర్‌లోనో పోస్టింగు వస్తుంది. కొందరు షిప్పింగ్ ఆఫీసులో, కొందరు సెక్రటేరియట్‌లో ఫైళ్ళు చూస్తారు. వాతావరణం బాగోక ఓడ రద్దయితే పోర్ట్ బ్లెయిర్‌లో ట్రయల్స్ తేదీ దాటిపోతుంది, కచాల్ పిల్ల ఏడాది వెనకబడుతుంది. పదిహేనేళ్ళ పిల్లకు ఏడాదంటే చాలా ఎక్కువ. ఆ తేదీ రెండు రోజులు జరపాలని నోట్ పెట్టేది ఒక గుమాస్తా. నోటీసు బోర్డు మీద ఆ కాగితం అంటించేది ఒక టీచరు. అది చదివి, ఇంటికి వెళ్ళి, నీ కూతుర్ని పంపించు అని తండ్రికి నచ్చజెప్పేదీ ఆ టీచరే. క్రీడల కోటా పేరెత్తితే చాలు, ఎవరి మేనల్లుడికి వచ్చింది అని అడిగే ఊళ్ళు మనవి, కాబట్టి ఎంపిక జాబితా అంటించేటప్పుడు మార్కులతో సహా అంటించండి.

ఇప్పుడు మీ పేర్లు పిలుస్తారు. పేరు తప్పు పలికితే అక్కడే ఆగి సరిచేయించుకోండి. నేను కూర్చుని చప్పట్లు కొడతాను.