విడిపోయేటప్పుడు ఎవరిది ఎవరికి?

(బండి ఆత్మకూరులో కుటుంబ పెద్దల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఉద్యోగకాలమంతా మేము కాగితాలు సరిచూస్తూ గడిపినవాళ్లం. పదవీ విరమణ తరువాత జమాత్ పంచాయితీలలో కూర్చుంటే అక్కడ కాగితమే కనబడదు. తలాఖ్ మాటకు రెండు నిమిషాలు, సామాను మాటకు రెండేళ్లు! బంగారం ఎంత పెట్టారంటే ఆడపెళ్లివారిది ఒక లెక్క, మగపెళ్లివారిది మరొక లెక్క.

గోవా వంటి చోట్లను మినహాయిస్తే, భార్యాభర్తల ఆస్తిని కలిపి చెరిసగం చేసే చట్టం మన దేశంలో లేదు. షరీఅత్‌లోనూ ఆమె సొత్తు ఆమెదే, అతని సొత్తు అతనిదే. కనుక ఎవరిది ఏదో తేల్చడమే అసలు పని. 1986 నాటి ముస్లిం మహిళల చట్టం మూడవ సెక్షను ప్రకారం మహర్‌తో పాటు, పెళ్లికి ముందుగానీ, పెళ్లినాడుగానీ, తరువాతగానీ పుట్టింటివారు, స్నేహితులు, భర్త, అత్తింటివారు ఆమెకిచ్చినదంతా ఆమెకే చెందాలి. ఇవ్వకుంటే మేజిస్ట్రేటుకు దరఖాస్తు చేసుకోవచ్చు. ఇద్దత్ కాలానికి మాత్రమే కాదు, ఆమె భవిష్యత్తుకూ సరిపడే ఏర్పాటును ఆ ఇద్దత్ లోపలే చేయాలని 2001లో డేనియల్ లతీఫీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. విడాకులైన ముస్లిం స్త్రీ 125వ సెక్షను కింద కూడా భరణం కోరవచ్చునని 2024 జూలై 10న తీర్పు వచ్చింది. అది మన పొరుగున తెలంగాణ నుంచి వెళ్లిన కేసే.

ఖులా కోరిన ఆడబిడ్డను అన్నీ వదులుకొమ్మనే పెద్దలున్నారు. మహర్ సంగతి మాట్లాడుకోవచ్చు. తండ్రి పెట్టిన గొలుసు ఖులాకు వెల ఎట్లా అవుతుంది?

చట్టం తేల్చని చిక్కులూ ఉన్నాయి. మేము కూర్చున్న ఒక పంచాయితీలో ఇంటిస్థలం పట్టా భార్య పేర ఉంది. ఇల్లు కట్టింది భర్త సంపాదనతో, ఆమె గాజులు అమ్మిన డబ్బుతో. ఆటో అతని పేర ఉంది. దాన్ని కొన్నది మాత్రం ఆమె తెచ్చిన డ్వాక్రా అప్పుతో. ఇల్లు ఆమెకు, ఆటో అతనికి, అప్పు ఆమెకు అన్నారు పెద్దలు. ఆటోతో బతికేది అతనైతే అప్పు ఆమెదెట్లా అని మేము అడిగాం. మూడు దఫాలు కూర్చున్న తరువాత మిగిలిన కంతులు తానే కడతానన్నాడు. రెండు నెలలు కట్టి మానేశాడు. సంఘంలో తలదించుకోలేక ఆ తల్లి బట్టలు కుట్టి కడుతోంది. ఒప్పందాన్ని స్టాంపు కాగితం మీద రాయించకపోవడం మా తప్పు. ముప్పై ఏళ్లు గుమాస్తాగిరీ చేసినవాళ్లం మేము!

కనుక నికాహ్ నాడే ఇచ్చిన ప్రతి వస్తువునూ జాబితా రాయండి. ఎవరిచ్చారో, సుమారు విలువెంతో వేసి, ఇరువురి సంతకాలు పెట్టించండి. 1985 నాటి వరకట్న నిబంధనలు అడుగుతున్నదీ ఇదే. నికాహ్‌నామాలో మహర్ అంకెల్లోనూ అక్షరాల్లోనూ ఉండాలి. ముట్టిందా, బాకీయా స్పష్టంగా రాయాలి. ఇల్లు కట్టేటప్పుడు ఆమె నగ అమ్మితే ఆ రసీదు దాచండి. జాబితా నమూనా కాగితాలు ద్వారం దగ్గర బల్లమీద ఉంచాము. ఈ నెలలో ఇంట్లో పెళ్లి పెట్టుకున్నవారు రెండేసి తీసుకువెళ్లండి, ఒకటి వియ్యంకులకు.