ఆవిరితో కరెంటు: లెక్కా మనమే చూద్దాం, హక్కూ మనమే అడుగుదాం
(సత్యవేడు రైతుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఎండాకాలం మట్టికుండలో నీళ్లు ఎందుకు చల్లబడతాయో మనకు తెలుసు. కుండ చెమరుస్తుంది, ఆ చెమ్మ ఆవిరవుతూ వేడిని తీసుకుపోతుంది. బయట వేడి, లోపల చలువ. ఈ తేడా ఉన్నచోట ఇంజను తిప్పవచ్చు, కరెంటు తీయవచ్చు. మరి మన బోరు మోటారు దీనితో తిరుగుతుందా?

లెక్క వేద్దాం. బయట 40 డిగ్రీలు, తడిగుడ్డ చుట్టిన థర్మామీటరులో 26 డిగ్రీలు అనుకుందాం. తేడా 14. ఇంత తేడాతో ఎంత మంచి ఇంజనైనా నూటికి నాలుగున్నర పాళ్ల వేడినే పనిగా మార్చగలదు. అది ప్రకృతి పెట్టిన హద్దు. అంటే ఒక్క యూనిట్ కరెంటుకు కనీసం 30 లీటర్ల నీరు ఆవిరి కావాలి, సుమారు 5 వేల ఘనపు మీటర్ల గాలి ఆ తడి మీదుగా పోవాలి. ఆ గాలిని ఫ్యానుతో తోలితే వచ్చిన కరెంటులో చాలాభాగం ఫ్యానే తినేస్తుంది. పైగా మనకు సముద్రం దగ్గర. ఈశాన్య రుతుపవనాల్లో గాలి తడిగా ఉంటే ఆవిరీ లేదు, ఇంజనూ లేదు. కాబట్టి ఇవాళ మోటారుకు ఇది దారి కాదు.

అయినా దీన్ని కొట్టిపారేయలేం. 2015లో అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయంలో ఓజ్గుర్ సాహిన్ బృందం మరో దారి పట్టింది. తేమకు ఉబ్బి, ఆరితే ముడుచుకునే బ్యాక్టీరియా సిద్ధబీజాలతో, నీటిపై గాలిలోని తేమతోనే చిన్న ఇంజను నడిపి ఎల్‌ఈడీ దీపాలు వెలిగించింది. అమెరికా చెరువులు, జలాశయాలపై ఇలాంటివి పరిస్తే 325 గిగావాట్ల వరకు రావచ్చని, ఆవిరయ్యే నీటిలో దాదాపు సగం మిగలవచ్చని 2017లో అదే బృందం అంచనా కట్టింది.

నీరు మిగిలితే మనకు మేలే. కానీ చెరువు మీద కప్పు వేస్తే గొడ్లు ఎక్కడ తాగాలి? చేపలు పట్టేవాళ్లు ఏం కావాలి? వచ్చే కరెంటు ఎవరిది? 1997 చట్టంతో నీటి వినియోగదారుల సంఘాలు ఏర్పడ్డాయి. సౌరపలకలైనా, రేపు ఆవిరి ఇంజన్లైనా, ఆయకట్టు రైతుల ఒప్పుదల లేకుండా చెరువు నీటిపై ఏదీ పరచకూడదు. ఇది మన మాటగా ఉండాలి.

ఈలోగా ఆవిరిని చలువకే వాడుకుందాం. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ చూపిన పద్ధతి ఉంది. ఇటుకలతో రెండు వరుసల గోడ కట్టి, మధ్యలో ఇసుక నింపి, పొద్దునా సాయంత్రం తడపాలి. కరెంటు అక్కర్లేదు. పొడి ఎండల్లో లోపల పది డిగ్రీలకు పైగా తగ్గుతుంది. కూరగాయలు వాడకుండా నాలుగు రోజులు నిలిస్తే, దళారి చెప్పిన ధరకే తెగనమ్ముకునే అవసరం తగ్గుతుంది. ఊరికొకటి కట్టుకుందాం.