దీవికి ఒకనాటి పడవ ప్రయాణము



నేడు నేను మనవి చేయదలచిన విషయము చూచుటకు చిన్నది. పండుగకో పుణ్యస్నానమునకో బంధువులు వచ్చినప్పుడు, పదిమందిని కూడగట్టి, ఒక పడవను బాడుగకు మాటాడుకొని, సముద్రములోని దీవికి ఉదయము పోయి సాయంకాలమునకు మరలి వచ్చుట మన తీరప్రాంతములందు పరిపాటి యైనది. బండి బాడుగకు కుదుర్చుకొనుట మనకు తెలిసిన విద్యయే. ఎద్దులను చూతుము, ఇరుసును చూతుము, బాట సంగతి విచారింతుము, ఆ తరువాతనే బేరమాడుదుము. పడవ విషయమున మాత్రము మనకు తెలిసినది బేరమొక్కటియే. ఆ తెలియనితనమువలన నాకు జరిగిన కష్టమును దాచక చెప్పి, దానివలన నేర్చిన నాలుగు మాటలను మీ ముందుంచెదను.

కాకినాడ రేవున నిలిచి తూర్పునకు చూచినచో, నీటి అంచున సన్నని చారవలె ఒక నేల కనబడును. దానిని హోప్ ఐలాండు అందురు. పొడవు ఇంచుమించు 16 కిలోమీటర్లు, వెడల్పు స్వల్పము. ఇది రాతి దీవి కాదు. నాసికము కడ పుట్టిన గోదావరి దారిపొడుగునను కడిగి తెచ్చిన ఇసుకను, ఒండ్రును గౌతమీ శాఖ సముద్రమున విడువగా, అలలు దానిని ఉత్తరముగా నెట్టుకొనిపోయి గడచిన రెండువందల ఏండ్లలో కట్టిన దిబ్బ ఇది. మన చేల మన్ను కొంత అందును ఉండవచ్చును.

ఆ దిబ్బకును ఒడ్డునకును నడుమ నున్నది కాకినాడ అఖాతము. వెలుపల సముద్రము ఘోషించుచున్నను ఈ లోపలి నీరు తరచు చెరువువలె నుండును. తుపానుల యందు అలల దెబ్బకు ఈ దిబ్బయే అడ్డుగా నిలుచును. దక్షిణమున కోరంగి మడ అడవులు ఉన్నవి. తెల్లమడ, నల్లమడ, తిల్ల మొదలగు చెట్లు ఉప్పునీటిలో వేళ్లూని నిలిచియుండును. 1978వ సంవత్సరములో దీనిని అభయారణ్యముగా ఏర్పరచిరి. బావురుపిల్లులును, నీటికుక్కలును అందు తిరుగును. చలికాలము చివర సముద్రపు తాబేళ్లు ఈ ఇసుకలోనికి వచ్చి గ్రుడ్లు పెట్టిపోవును.

కోరంగి పేరు మీరు వినియుందురు. ఓడలు కట్టిన రేవది. సముద్రము దాటిపోయిన మనవారిని బర్మా దేశమున కోరంగివారని పిలిచెడివారు. 1789లోను, 1839లోను వచ్చిన తుపానులు ఆ రేవును ముంచివేసినవి. మిగిలినదానిని ఒండ్రు పూడ్చినది. గోదావరి ఒండ్రు ఒకచోట దీవిని కట్టును, మరియొకచోట రేవును పూడ్చును. ఈ మాట జ్ఞాపకముంచుకొనుడు; నా కథకు దీనితో పని యున్నది.

కొన్ని ఏండ్ల క్రిందట పుష్యబహుళ అమావాస్యకు చొల్లంగి స్నానమునకై మా అక్కగారు, బావగారు, మరికొందరు బంధువులు మా ఇంటికి వచ్చిరి. మరునాడు దీవికి పోవుదమని పిల్లలు పట్టుబట్టిరి. ప్రయాణికులను ఎక్కించుకొనుటకు అనుమతి గల మరపడవ నొకదానిని నేను మాటాడితిని. పన్నెండుగురమని చెప్పి, తలకింత యని కాక పడవ మొత్తమునకు ఇంత యని బేరము తేల్చితిని. పిమ్మట నా బుద్ధి వక్రించినది. పడవ మొత్తమునకు కదా బాడుగ, పదిమంది పోయినను పదునార్గురు పోయినను సొమ్ము ఒక్కటియే కదా యని, మరి నలుగురిని పిలిచితిని. లాభము కలిగినదని లోలోపల సంతోషించితిని.

ఉదయము ఎనిమిది గంటలకు రేవునకు పోగా, పడవ నడుపువాడు మమ్ము లెక్కపెట్టి, “పన్నెండుగురన్నారు బాబుగారూ. పదహారుమంది ఉన్నారు. నలుగురు ఆగిపోవాలండి” అనెను.

“పిల్లలే కదా నాయనా, ఒడిలో కూర్చుందురు” అంటిని.

“ఒళ్ళో ఉన్నారా, కింద ఉన్నారా అని నీళ్ళకి తెలీదండి. బరువే తెలుస్తుంది” అనెను.

నేను మరికొంత సొమ్ము ఇత్తునంటిని. అతడు తల అడ్డముగా ఊపెను. పదిమందిలో నా మాట చెల్లకపోవుట నాకు అవమానమనిపించి నాలుగు పరుషపు మాటలాడితిని. అంతట మా బావగారు లేచి, “నీ పడవ నీవే ఏలుకొనుము” అని, మరి ముగ్గురిని వెంటబెట్టుకొని గట్టుమీదికి దిగిపోయిరి. అల్లునికి మర్యాద తప్పినదని మా అక్కగారి కన్నులలో నీరు తిరిగినది. పడవవాడు మాత్రము మా బావగారితో, “నాలుగింటికల్లా వచ్చేస్తామండి. అయిదు దాటినా రాకపోతే ఆ పక్కపడవలో మా తమ్ముడున్నాడు, ఒక మాట చెప్పండి” అని చెప్పి, మా అందరిచేతను లైఫు జాకెట్లు తొడిగించి పడవను కదలించెను.

ఇంచుమించు ఒక గంటకు దీవి చేరితిమి. పిల్లలు గవ్వలు ఏరుకొనుచు, ఎఱ్ఱపీతల వెంట పరుగెత్తుచు, ఆకలి మాటయే మరచిరి. పండ్రెండు గంటలకు పడవవాడు వచ్చి, “పాటు తగిలిందండి. ఒంటిగంట దాటితే దారిలో ఇసుక పైకొస్తుంది. బయలుదేరుదామండి” అనెను. నేను, “సాయంకాలమువరకు కదా సొమ్ము మాటాడుకొంటిమి. ఇంకను భోజనములైనను కాలేదు” అంటిని. అతడు మరియొకసారి వచ్చి చెప్పెను. నేను పులిహోర తిని, సరుగుడు చెట్ల నీడను కన్ను మూసితిని. బయలుదేరునప్పటికి రెండున్నర దాటినది.

అఖాతము నడుమ పడవ అడుగు ఇసుకను ఒరసి నిలిచిపోయెను. అతడు దిగి చూడగా నీరు మోకాళ్లకు పైన మాత్రమే యున్నది. మగవారము దిగి నెట్టితిమి. కాళ్లు ఒండ్రులో దిగబడినవేకాని పడవ జరుగలేదు. అతడు మమ్మెక్కించి, లంగరు వేసి, “మళ్ళీ పోటొచ్చేదాకా ఇంతేనండి” అని కూర్చుండెను. ఫోను పలుకలేదు. తెచ్చిన మంచినీరు దీవిమీదనే అయిపోయినది. చుట్టును కంటికానినంత నీరు, త్రాగుటకు గ్రుక్కెడు లేదు. ఆరేండ్ల మా మనుమరాలు ఎండదెబ్బకు వాంతి చేసికొని, ఒళ్లు కాలిపోవుచు, నా ఒడిలో సోలిపోయినది. ప్రొద్దు క్రుంకినది. గాలి తిరిగి పడవను ప్రక్కనుండి కొట్టసాగినది. దూరమున వాకలపూడి దీపస్తంభపు వెలుగు తిరుగుచుండెను. ఆ వెలుగు వచ్చిపోయిన ప్రతిసారి పిల్ల ముఖము చూచుకొనుచు నేను గడపిన ఆ కాలము ఎంతయో చెప్పజాలను.

చీకటి పడిన తరువాత ఒక దీపము మావైపునకు వచ్చినది. అది పడవవాని తమ్ముని తేలిక పడవ. అందు మా బావగారు నీళ్లబిందె ఒడిలో పెట్టుకొని కూర్చుండియుండిరి. ఆయన అడిగిన మొదటిమాట, “పిల్ల యేది?” అనునది. మరి యే మాటయు అడుగలేదు. ఉదయము ఆ నలుగురును మా పడవలో నుండినచో, నీటిలో అది మరింత దిగబడి, గాలి తిరిగినప్పుడు అలలు అంచు దాటి లోనికి వచ్చియుండెడివని పడవవాడు చెప్పెను. గట్టున ఎవరును లేకున్నచో మాకై వచ్చువారును ఉండకపోవుదురు. పోటు హెచ్చినపిమ్మట ఇల్లు చేరితిమి. పిల్లకు రెండు దినములకు జ్వరము తగ్గినది. పడవవాడు ఒప్పుకొన్న సొమ్ము పుచ్చుకొనెను, ఎక్కువ అడుగలేదు, నన్నొక మాటయు అనలేదు.

ఇక నేర్చుకొన్న మాటలు చెప్పెదను.

మొదటిది, బేరమునకు ముందు లెక్క. తలకింత యని బాడుగ కుదిరినచో ఎక్కువమందిని ఎక్కించుకొనవలెనని పడవవానికి ఆశ కలుగును. మొత్తమునకు ఇంత యని కుదిరినచో ఆ ఆశ మనకు కలుగును, నాకు కలిగినట్లు. కావున సొమ్ము మాటకంటె ముందు, ఆ పడవకు ఎందరిని ఎక్కించుటకు అనుమతి యున్నదో చూచి, పిల్లలను తలలుగానే లెక్కించి, ఆ లెక్క మరల మార్పక నిలుపుకొనవలెను.

రెండవది, లైఫు జాకెట్టు. అది పడవలో నున్న చాలదు, ఒంటిమీద నుండవలెను. పెద్దలది పిల్లలకు తొడిగినచో నీటిలో పైకి జారిపోవును. పిల్లల కొలతవి ఉన్నవా యని గట్టుననే అడుగవలెను.

మూడవది, ఆటుపోట్లు. తిథులెరిగిన మీకు ఇది సులభము. అమావాస్యకును పూర్ణిమకును సముద్రము ఎక్కువగా పొంగి ఎక్కువగా తగ్గును. అష్టమికి రెండును తక్కువ. పోటునుండి పాటునకు ఇంచుమించు పదునైదు గడియలు. ఒకనాటి పోటు మరునాడు రెండు గడియలు ఆలస్యముగా వచ్చును. అమావాస్య మరునాడు బయలుదేరిన నేను ఈ లెక్క వేసికొననైతిని. తిరుగు ప్రయాణపు వేళను ఈ లెక్కనుబట్టియే నిర్ణయింపవలెను, భోజనమునుబట్టి కాదు.

నాలుగవది, గట్టున ఒకరు. ఎందరము పోయితిమి, ఏ పడవలో పోయితిమి, ఎన్ని గంటలకు వత్తుము అను మూడు మాటలు ఒడ్డున నున్న ఒకరికి చెప్పి పోవలెను. మంచినీరు ఒక పూటకు కాక రెండు పూటలకు తీసికొనిపోవలెను.

అయిదవది, వాతావరణము. రేవులందు ప్రమాద సూచికల నెత్తుదురు. ఒకటి, రెండు నెంబరులు దూరమున వాయుగుండమో తుపానో యున్నదని తెలుపును. మూడు, నాలుగు ఆ రేవునకే గాలివానల భయమున్నదని తెలుపును. ఏ నెంబరు ఎత్తినను విహారము మానుటయే మేలు. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ అను కేంద్రమువారు అలల ఎత్తును ముందుగా తెలియజేయుచుందురు. దీవికి పోవుటకు అనుమతి కావలెనేమో అటవీశాఖవారిని, రేవు అధికారులను ముందుగా విచారింపవలెను.

నేను చెప్పినది భయపెట్టుటకు కాదు. 2017 నవంబరు 12వ తేదీన, కార్తికమాసపు ఆదివారమునాడు, విజయవాడ చెంత పవిత్ర సంగమమువద్ద పడవ తిరుగబడి ఇరువదిమందికి పైగా పోయిరి. 2019 సెప్టెంబరు 15వ తేదీన కచ్చులూరు కడ వరద గోదావరిలో డెబ్బదిమందికి పైగా నున్న పడవ మునిగి, సగముకంటె ఎక్కువమంది తీరము చేరలేదు. ఆ పడవను అక్టోబరు నెలలో వెలికితీసినది కాకినాడవాసి ధర్మాడి సత్యము బృందమే. వారందరును మనవలెనే సంతోషముగా ఇల్లు వెడలినవారు.

పడవను బాడుగకు తీసికొందుము కాని, పడవ నడుపువాని వివేకమును మనము కొనజాలము. వైద్యునికి సొమ్మిచ్చి మందు మనము చెప్పుదుమా? నీటిమీద అతడే పెద్ద. వయస్సున మనకంటె చిన్నవాడైనను, చదువున తక్కువవాడైనను, “నలుగురు ఆగవలెను” అన్నప్పుడు ఆగుటయు, “బయలుదేరుదము” అన్నప్పుడు లేచుటయు మనకు మర్యాద. అనుమతికి మించి ఎక్కించెదనని నవ్వుచు చెప్పువాడు ఎంత చౌకకు వచ్చినను, ఆ పడవ ఎక్కవలదు. కాదన్నవానిమీద కోపగింపవలదు.

ఊరిలో పెద్దవారు మీరు. ప్రయాణము కుదుర్చువారు మీరు. గట్టున పిల్లలు మీ ముఖము చూతురు. ఆనాడు నేను పడవవానితో వాదించితిని. పిల్లలు అది చూచిరి. మరుసటి ఏడు చొల్లంగి అమావాస్యకు మా బావగారిని నేనే పోయి పిలుచుకొని వచ్చితిని. ఆ పడవనే మాటాడితిని. రేవున ముందుగా దిగి మమ్ము లెక్కపెట్టినది మా మనుమరాలు. “పన్నెండుగురము, తాతా, సరిపోయినది” అని చెప్పిన తరువాతనే పడవ ఎక్కితిమి.

సెలవు.