అలమీద అడుగు

సముద్రపు అలమీద నిలుచుండి ఒడ్డునకు వచ్చుట అనగానే మనకు పురాణకథయో, సర్కసు విద్యయో స్ఫురించును. అది రెండును కాదు. హవాయి ద్వీపవాసులు ఎన్నో తరములనుండి ఆడుచు వచ్చిన ఆట అది. పొడవైన పలకమీద బోరగిల పరుండి, చేతులతో నీటిని త్రోసికొనుచు లోనికి పోయి, విరుగబోవుచున్న అలను అందుకొని, చటుక్కున లేచి నిలుచుండి ఆ అలతోపాటు జారి వచ్చెదరు. దీనినే సర్ఫింగు అందురు. 2021లో జపానులో జరిగిన ఒలింపిక్సు క్రీడలలో దీనికి తొలిసారిగా స్థానము లభించినది. మన విశాఖపట్టణమునందు రుషికొండ తీరమునను యువకులు దీనిని అభ్యసించుచున్నారు.

ఈ ఆట చరిత్ర యావత్తు చెప్పుటకు మేము పూనుకొనలేదు. పలకమీద పాదము ఎచ్చట పడవలెను, ఎట్లు పడవలెను అను ఒక్క సంగతియే చెప్పదలచితిమి. ఇంత చిన్న సంగతికి ఒక ప్రసంగమా అని శ్రోతలకు తోచవచ్చును. మాకును మొదట అట్లే తోచినది. పైగా మేము ఈతయైనను రానివారము. పలక ఎక్కి ఎరుగము. అయినను 2022 వేసవిలో ఒక పిల్ల కంట నీరు చూచిన పిదప, మూడు వారములపాటు ఒక కొండచరియమీద నిలుచుండి పరుల పాదములనే పరిశీలించుచు గడపితిమి. ఆటలో ఉన్నవానికి కానరానిది గట్టున ఉన్నవానికి కానవచ్చుట కలదు గదా!

మా కుమార్తె కాపురము కాలిఫోర్నియాలోని శాన్ హోసే నగరమున. అచ్చటికి సుమారు 50 కిలోమీటర్ల దూరమున, కొండలకు ఆవల, శాంటా క్రూజ్ అను సముద్రతీరపు పట్టణము కలదు. అమెరికా ప్రధాన భూభాగమున ఈ ఆట తొలుత కానవచ్చినది ఇచ్చటనే. 1885లో హవాయి రాజవంశమునకు చెందిన ముగ్గురు సోదరులు, ఆ ప్రాంతమున చదువుకొనుచున్నవారు, శాన్ లోరెంజో నది సముద్రమున కలియుచోట రెడ్‌వుడ్ కలపతో చేయించిన పలకలపై అలల నెక్కిరి. నేడు ఆ పట్టణమున కవెల్స్ అను తీరము నేర్చుకొనువారిది. అచ్చట అలలు మెల్లగా, పొడవుగా సాగివచ్చును. దానికి కొంత దూరమున స్టీమర్ లేన్ అనుచోట ఆరితేరినవారు ఆడుదురు. ఆ పైనున్న దీపస్తంభమునందు 1986నుండి సర్ఫింగు ప్రదర్శనశాల కలదు. మేము నిలుచుండినది ఆ దీపస్తంభము ప్రక్కనున్న చరియ అంచున. అలలు కాళ్ళక్రిందనే విరుగును గనుక ఆడువారి తలలు, భుజములు, పాదములు స్పష్టముగా కానవచ్చును.

మా మనుమరాలికి అప్పటికి పదునాలుగేండ్లు. కవెల్స్ తీరమున మూడు శనివారములు నేర్చుకొన్నది. ఆ నీటి చలికి తట్టుకొనుటకు ఒంటినంటుకొను రబ్బరు తొడుగు తొడిగి, ప్రొద్దుటినుండి మధ్యాహ్నము వరకు పడుచు లేచుచు ఉండెడిది. ఒక్కసారియైనను నిలువలేదు. మూడవ వారమున పలక తగిలి పిక్క కమిలినది. నేర్పువారు పిల్లకు ధైర్యము చాలదని తేల్చివైచిరి. అల్లుడుగారు "ఇక చాలులెండి" అనిరి. ఆయన భయము నిరాధారమైనది కాదు. రబ్బరు తొడుగులను ప్రచారములోనికి తెచ్చి ఆ పట్టణమునందే దుకాణము నడపిన జాక్ ఓనీల్ వంటి అనుభవశాలికే, 1971లో పలకకు కట్టిన త్రాడు సాగి పలకను వెనుకకు విసరగా ఎడమకంటి చూపు పోయినది. పలక బెదరిన గిత్తవంటిది. దానిమీద ఉన్నంతసేపు భయము లేదు, క్రిందపడినప్పుడే జాగ్రత్త కావలెను.

ఆ రాత్రి పిల్ల మా గదిలోనికి వచ్చి కూర్చున్నది. "తాతయ్యా, నాకు భయం లేదు. నా కాలే నా మాట వినటం లేదు" అని ఏడ్చినది. ఆ మాట మమ్ము పట్టుకొన్నది. ధైర్యము లేని పిల్ల మూడు వారములు ఆ చల్లని నీట ఎట్లు పడి లేచును? కాలు మాట వినకపోవుటకు వేరొక కారణము ఉండవలెనని తోచినది.

చరియమీద నిలుచుండి చూడగా మాకు మొదట ఆశ్చర్యము గొలిపినది, నేర్చినవారి పాదములు లేచునప్పుడు ఎంత తక్కువ తడబడునో అనునది. అవి ఒక్కసారి పడును, పడినచోటనే ఉండును. కవెల్స్ తీరమున నేర్చుకొనువారి పాదములు మొదట ఎచ్చటనో పడి, పిదప సర్దుకొనజూచును. సర్దుకొనులోపల అల దాటిపోవును, లేదా మనిషి పడిపోవును. దీనికి లెక్క కలదు. ఒక మీటరు లోతు నీటిలో అల సెకనుకు సుమారు 3 మీటర్లు, అనగా ఇంచుమించు సైకిలు వేగమున పోవును. పలక జారనారంభించిన పిదప లేచుటకు దొరకు వ్యవధి ఒకటి రెండు సెకనులు. అంతలో అడుగు వేసి, చూచుకొని, దిద్దుకొనుటకు వీలుండదు. కనుక అడుగు తప్పు చోట పడినచో ఆ సవారి అప్పుడే ముగిసినట్లు.

సరియైన చోటు ఏది? నేర్చువారి పలక సుమారు 22 అంగుళముల వెడల్పుండును. దాని నడుమ ముక్కునుండి తోకవరకు ఒక గీత ఉన్నదని భావింపుడు. అరికాలి వంపు ఆ గీతపైకి రావలెను. అప్పుడు వ్రేళ్ళు ఒకవైపు అంచును, మడమ రెండవవైపు అంచును నొక్కుటకు ఉపకరించును. పలక చెప్పినట్లు వినును. పాదము రెండంగుళములు మడమవైపునకు జరిగెనా, పలక ఆవైపునకు ఒరుగును. మనిషి దానిని నిలుపుటకై నడుము వంచును, చేతులాడించును. చూచువారు ఇతనికి తూకము తెలియదందురు. తూకము తెలియకపోవుట కాదు, కాలు చోటు తప్పినది.

ఇక పొడవు సంగతి. ఎడ్లబండిలో బస్తాలు ముందునకు జరిగినచో ఎడ్ల మెడలపై భారము పడుటయు, వెనుకకు జరిగినచో కాడి పైకి లేచుటయు మనవారెరిగినదే. పలకయు అట్టిదే. పాదములు ముందునకు పడిన ముక్కు నీట గ్రుచ్చుకొనును. వెనుకకు పడిన తోక దిగబడి పలక ఆగిపోవును, అల దానిని విడిచి తన దారిన పోవును. పరుండినప్పుడు రొమ్ము ఆనినచోటికి ముందరి పాదము రావలెను. వెనుకపాదము దానికి భుజముల వెడల్పుకంటె కొంచెము ఎక్కువ ఎడముగా, పలకకు అడ్డముగా నిలువవలెను. ముందరి పాదము మాత్రము సగము ముందునకు తిరిగియుండుట మేలు.

లేచు విధమునందే ఈ చోటు నిర్ణయమగును. అరచేతులు ప్రక్కటెముకల దాపున పలకమీద చదునుగా ఉంచవలెను. భయముచేత అంచులు పట్టుకొనువారు పలకను తామే ఒరగద్రోసికొందురు. కొందరు వెనుకపాదమును ముందుగా మోపి, పిదప ముందరి పాదమును చేతుల నడుమకు తెత్తురు. కొందరు ఒక్క గంతులో రెండును మోపుదురు. నేర్చువారికి మొదటిదే మేలని మా అభిప్రాయము. మోకాలిమీద ఆగి లేచుట మాత్రము చెడ్డ అలవాటు. ఒకసారి అబ్బినచో వదలదు.

నిలుచున్న పిదప మోకాళ్ళు సడలవలెను, నడుము వంగరాదు. మోకాళ్ళు రెండు ప్రక్కలకు విడదీసి, పిరుదులు వెనుకకు నెట్టి, ముందునకు వంగి నిలుచువారు చాలమంది కలరు. ఆ భంగిమకు అచ్చటి కుర్రవాండ్రు పెట్టిన పేరు రేడియోలో చెప్పదగినది కాదు. వెనుకమోకాలు కొంచెము లోనికి మలచినచో ఆ దోషము చాలవరకు పోవును. చిన్ననాట భీమునిపట్టణము ఒడ్డున తెప్పలపై నిలుచుండి అలలు దాటు జాలరులను చూచితిమి. దుంగలు క్రింద ఎగిరిపడుచున్నను వారి మోకాళ్ళు ఆ కుదుపును మ్రింగివేయుచుండెడివి. తల కదలెడిది కాదు. ఇప్పుడు ఫైబరు పడవలు చాలవరకు తెప్పల స్థానమున వచ్చినవి. ఆ నిలుకడ మాత్రము మాకు స్టీమర్ లేన్ వద్ద మరల కంటబడినది.

తల మాట వచ్చినది గనుక చూపు సంగతియు చెప్పవలెను. మనిషి తల బరువు సుమారు 5 కిలోలు. పాదములు సరిగా పడినవో లేదో యని క్రిందికి చూచినచో ఆ 5 కిలోలును ముందునకు వ్రాలును, వెంటనే మనిషి వ్రాలును. పోవలసిన దిక్కునకే చూడవలెను.

పాదము పడు చోటు అన్ని కాలములలోను ఒక్కటియే కాదు. పూర్వపు హవాయి పలకలకు క్రింద రెక్క లేదు. బరువైన ఆ పలకలను త్రిప్పుటకు ఒక పాదమును నీటిలో ఈడ్చుటయు కలదు. 1935లో టామ్ బ్లేక్ తోకక్రింద ఒక రెక్క అమర్చినది మొదలు పలకకు పట్టు చిక్కినది. 1960 ల చివర పలకలు కురుచయైనవి. 1981 నాటికి ఆస్ట్రేలియావాసి సైమన్ ఆండర్సన్ మూడు రెక్కల పలకను ప్రచారములోనికి తెచ్చెను. ఇట్టి కురుచపలకపై వెనుకపాదము సరిగా ఆ రెక్కలపైకి వచ్చినగాని మలుపు తిరుగదు. పొడవుపలకవారి సంగతి వేరు. వారు వేగము కొరకు ముందునకును, మలుపు కొరకు వెనుకకును నడువవలెను. ఆ నడకలో పాదములను ఈడ్వరు. ఒకదానిపైగా ఒకటి దాటించుచు, నాట్యమాడినట్లు పోవుదురు. పది వ్రేళ్ళును పలక ముక్కుపై వ్రేలాడనిచ్చు నేర్పరులను చూచినప్పుడు మా ఇల్లాలు చప్పట్లు కొట్టినది.

అసలు చిక్కు విప్పినది ఆమెయే. ఏ కాలు ముందుంచవలెనను ప్రశ్న మాకు తట్టలేదు. ఎడమకాలు ముందుంచువారిని రెగ్యులర్ అనియు, కుడికాలు ముందుంచువారిని గూఫీ అనియు అందురు. ఇది చేతివాటమునుబట్టి తెలియదు. ఏ కాలు ముందుంచినను దోషము లేదు. ప్రపంచ విజేతలు మార్క్ ఆకిలూపో, గాబ్రియేల్ మెదీనా గూఫీలే. పలకకు కట్టిన త్రాడు వెనుకకాలి చీలమండకు కట్టుదురు. ఆ తరగతిలో పిల్లలందరికిని కుడికాలికే కట్టించి, ఎడమకాలు ముందుంచుడని చెప్పిరట. ఒక సాయంకాలము పిల్ల మేజోళ్ళతో చెక్కనేలమీద పరుగెత్తి జారుచుండగా మా ఇల్లాలు చూచి, "అమ్మడూ, నువ్వు ప్రతిసారీ కుడికాలే ముందు పెడుతున్నావే!" అన్నది. మరల జారుమంటిమి, కుడికాలే. తెలియకుండ వెనుకనుండి మెల్లగా త్రోసి చూచితిమి. పడకుండ ఆపుకొన్నది కుడికాలితోనే.

ఆ రాత్రియే మా ఇల్లాలు మోటారుషెడ్డు నేలపై ముగ్గుపిండితో పలక రూపు వ్రాసి, నడుమ గీత గీచి, పాదములు పడవలసిన చోట రెండు గుర్తులు పెట్టినది. పిల్ల రోజుకు ఇరువదిసార్లు దానిపై పరుండి లేచెడిది. మొదటి రోజున పాదములు గుర్తులకు జానెడు దూరమున పడినవి. నాలుగవ రోజునకు ముగ్గు చెదరుట తగ్గినది. వారము గడచుసరికి కన్నులు మూసికొని లేచినను పాదములు గుర్తులమీదనే పడినవి. పడినప్పుడు చేయవలసినది కూడ నేర్పించితిమి: తల ముందుగా దుముకక వెడల్పుగా పడవలెను, లేచునప్పుడు చేతులు తలకడ్డముగా పెట్టుకొనవలెను, పలకను తనకును అలకును నడుమ రానీయరాదు. అల్లుడుగారు ఈ మూడవ మాట విన్న పిదపనే ఒప్పుకొనిరి.

మేము తిరిగివచ్చుటకు ముందటి శనివారమున కవెల్స్ తీరమునకు పోయితిమి. త్రాడు ఎడమకాలికి కట్టినది. మొదటి అలకు ముక్కు మునిగినది. ఆమె పలకమీద రెండంగుళములు వెనుకకు జరిగి పరుండినది. రెండవ అల ఆమెను విడిచి పోయినది. మూడవ అలకు లేచినది. కుడిపాదము ముందు, మోకాళ్ళు సడలియున్నవి, చూపు ఒడ్డునకు. పిక్కలబంటి నీటివరకు అట్లే వచ్చినది. అంతలో మేము చూచుచున్నామో లేదో యని ప్రక్కకు తల త్రిప్పి, దబ్బున పడినది.